ఒరాంజ్ రోమన్ థియేటర్: ఒక మైక్‌సెట్ మనిషి చెవికి తెలిసింది

నలభై ఏళ్ళు తెనాలిలో మైక్‌సెట్ నడిపాను. పెళ్ళిళ్ళు, ఎన్నికల మీటింగులు, శ్రీరామనవమి పందిళ్ళు అన్నీ చేశాను గానీ మనసు పెట్టి చేసింది పద్యనాటకాలకు. స్టేజీ అంచున మూడు మైకులు పెట్టి, పైనుంచి రెండు వేలాడదీసేవాణ్ణి. నటుడు ఎటు తిరిగి రాగం తీసినా ఆఖర్న చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మకు కూడా పద్యం మాటమాటగా వినపడాలి. మైకు ఈల వేయకూడదు, ఎకో కొట్టకూడదు. నా పనంతా అదే.

కొన్నేళ్ళ కిందట ఫోన్‌లో ఒక పాత వీడియో చూశాను. 1974 జులైలో, ఫ్రాన్స్‌లో ఒక రోమన్ థియేటర్‌లో మోంట్సెరాట్ కబాయే అనే స్పానిష్ గాయని ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, పాడుతోంది. హోరుగాలికి ఆవిడ బట్టలు జెండాలా కొట్టుకుంటున్నాయి. ఎదురుగా వేలమంది జనం. ఒపేరా వాళ్ళు జనానికి వినిపించడానికి మైకు పెట్టుకోరు, గొంతే ఆధారం. ఆవిడ వెనక ఆకాశానికి అంటుకున్నట్టు ఒక రాతిగోడ. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మా అమ్మాయికి లియోన్‌లో ఉద్యోగం వచ్చి, "నాన్నా, వస్తే ఏం చూస్తారు?" అని అడిగినప్పుడు నా నోటి నుంచి ముందు వచ్చిన మాట ఆ గోడే.

ఊరి పేరు ఇంగ్లీషులో ఆరెంజ్, అక్కడివాళ్ళు ఒరాంజ్ అంటారు. పేరుకూ పండుకూ మొదట్లో సంబంధం లేదు. రోమన్ల కాలంలో దీని పేరు అరౌసియో, అది అంతకుముందు నుంచి ఆ నేల మీద ఉన్నవాళ్ళు కొలిచిన ఒక జలదేవత పేరు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ జట్టు వేసుకునే నారింజరంగు చొక్కా ఈ ఊరి పుణ్యమే, వాళ్ళ రాజవంశం ఒకప్పుడు ఈ ఊరిని ఏలింది. లియోన్ నుంచి రైలులో రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఏప్రిల్ నెల మధ్యలో నేను, మా ఆవిడ, అమ్మాయి ముగ్గురం వెళ్ళాం. పులిహోర కట్టుకున్నాం.

సందు మలుపు తిరగ్గానే గోడ ఎదురొచ్చింది. నేను ఆగిపోయాను. 103 మీటర్ల పొడవు, సుమారు 37 మీటర్ల ఎత్తు. మన లెక్కలో పన్నెండంతస్తుల అపార్టుమెంటు అంత. ఒక్కటే గోడ. దాని వెనక ఏముందో బయటికి ఏమీ తెలియదు. కింద కమానులు, పైన దాదాపు చదునుగా రాయి, శిఖరం దగ్గర రెండు వరసల్లో బయటికి పొడుచుకొచ్చిన రాతి దిమ్మెలు. "నా రాజ్యంలో ఇంతకన్నా అందమైన గోడ లేదు" అని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అన్నాడని చెబుతారు. ఆ దిమ్మెలు దేనికో పందిళ్ళు వేసే మనిషికి వెంటనే తెలిసిపోతుంది. గుంజలు దింపడానికి. ఆ గుంజలకు తాళ్ళు కట్టి, జనం తలల మీదుగా పెద్ద పరదాలు లాగేవాళ్ళు, ఎండ తగలకుండా. రెండువేల ఏళ్ళ నాటి షామియానా అన్నమాట.

లోపలికి వెళ్ళేముందు ఒక మాట. కొలోసియంకూ దీనికీ తేడా చాలామందికి తెలియదు, నాకూ వెళ్ళేదాకా తెలియదు. రోమ్‌లోని కొలోసియం చుట్టూ మెట్లుండే కోలగుండ్రం, కత్తియుద్ధాలకు కట్టింది. ఇది సగం గుండ్రం, నాటకాలకు కట్టింది. కత్తియుద్ధం ఎటునుంచి చూసినా చూసినట్టే. నాటకంలో మాట వినపడాలి, మాటకు వెనక ఒక గోడ కావాలి.

ఈ ఊరిని క్రీస్తు పూర్వం 35 ప్రాంతంలో జూలియస్ సీజర్ రెండో దళంలో పనిచేసిన సైనికుల కోసం కట్టారు. యుద్ధాలు చేసి అలసినవాళ్ళకు పొలాలిచ్చి ఇక్కడ స్థిరపరిచారు. థియేటర్ అగస్టస్ చక్రవర్తి కాలానిది, క్రీస్తు శకం మొదటి శతాబ్దం మొదట్లో లేచింది. నాటకాలకు టికెట్ లేదు. ఊరి పెద్దలు, పదవుల్లో ఉన్నవాళ్ళు ఖర్చు పెట్టుకునేవాళ్ళు. జాతర నాటకం మోతుబరి ఖర్చుతో ఆడించినట్టే. పగలంతా ఆడేవి. గంభీరమైన విషాద నాటకాల కన్నా మాటలు, ఆటపాటలు కలిసిన హాస్యాలనూ, ముఖానికి మాస్కు పెట్టుకుని నోరు మెదపకుండా కథంతా ఒంటితో చెప్పే నృత్యాలనూ జనం ఎక్కువగా ఇష్టపడేవాళ్ళట.

ఇక శబ్దం సంగతి. నేను వచ్చింది దానికోసమే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

మెట్ల వరసలకూ వేదికకూ మధ్య అర్ధచంద్రాకారంలో ఖాళీ నేల ఉంటుంది. దాన్నే ఆర్కెస్ట్రా అంటారు. ఇప్పుడు మనం వాద్యబృందానికి వాడే మాట ఈ నేల నుంచి వచ్చిందే. నేను అక్కడ నిలబడ్డాను. అమ్మాయి పై వరస దాకా ఎక్కింది. పైనుంచి చూస్తే నేను వేలెడంత కనపడ్డానట. ఇంట్లో పక్క గదిలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే, గొంతు పెంచకుండా, "అమ్మా, మంచినీళ్ళ సీసా నీ దగ్గరుందా?" అన్నాను. పైన సీసా లేచింది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ దూరానికి నేనైతే కనీసం నాలుగు హారన్లు కట్టేవాణ్ణి.

తర్వాత నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసి నెమ్మదిగా చించాను. వినపడిందని చెయ్యి ఊపింది. మా ఆవిడను నిలబెట్టి సరిగమలు అనమన్నాను. ఆవిడ మొదట మొహమాటపడింది, పక్కన ఒక జర్మన్ కుటుంబం ఉంది. రెండోసారికి ధైర్యంగా పాడింది. "ఏమండీ, నా గొంతు వెనకనుంచి ఎవరో పట్టుకుని ముందుకు నెట్టినట్టుంది" అంది. ఆ గోడ చేసే పని ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అదెలా జరుగుతుందో నా బుద్ధికి తోచినంత చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం మొదటి శబ్దం వెంటే, అంటే సెకనులో ఇరవయ్యో వంతు లోపల వస్తే మన చెవి దాన్ని వేరుగా పట్టదు, రెంటినీ కలిపి ఒకే గట్టి మాటగా వింటుంది. అంతకన్నా చాలా ఆలస్యమైతే అది ఎకో, మాట చెడిపోతుంది. ఇక్కడ వేదిక పొడవు 61 మీటర్లు, లోతు 9 మీటర్లు మాత్రమే. ఆ తక్కువ లోతు చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఇంత పెద్ద కట్టడంలో వేదికను ఇంకొంచెం వెనక్కి జరపొచ్చు కదా అనుకున్నాను. లెక్క వేస్తే తెలిసింది. నటుడు సరిగ్గా ముందు అంచున నిలబడ్డా మాట గోడ దాకా పోయి తిరిగి రావడానికి 18 మీటర్లు. సెకనులో ఇరవయ్యో వంతుకు దగ్గర్లోనే. నటుడు వేదిక మీద ఎక్కడున్నా గోడ అతనికి సాయం చేస్తుంది గానీ అడ్డం రాదు. కట్టినవాళ్ళు సెకన్లు కొలిచి ఉండరు. చెవితో కొలిచారు.

రెండోది మెట్ల ఏటవాలు. చదును నేల మీద జనాన్ని కూర్చోబెడితే ముందు వరసల తలలూ బట్టలూ శబ్దాన్ని తాగేస్తాయి, వెనకవాళ్ళకు మిగలదు. మన ఊళ్ళల్లో సంత మైదానంలో నాటకం వేస్తే నేను పడ్డ బాధంతా ఇదే. ఇక్కడ ఒక్కో వరస నిటారుగా పైకి లేస్తుంది కాబట్టి నటుడి నోటికీ ప్రతి చెవికీ మధ్య ఏదీ అడ్డు లేదు. ఖర్చు తగ్గడానికి ఈ మెట్లను సెయింట్ యూట్రోప్ అనే కొండ వాలుకు ఆనించి కట్టారు.

మూడోది ఇప్పుడు మనకు సగమే కనపడుతుంది. ఆ గోడ లోపలి వైపు ఇవాళ బోసిగా ఉంది. ఒకప్పుడు మూడు వరసల్లో స్తంభాలు, గూళ్ళు, విగ్రహాలు, రంగురంగుల చలువరాళ్ళు ఉండేవి. అది అలంకారమే కావచ్చు, కానీ నా లాంటివాడికి ఇంకొకటి కనపడుతుంది. నున్నటి గోడ శబ్దాన్ని చెంపదెబ్బలా తిరగ్గొడుతుంది. నేను చప్పట్లు కొట్టినప్పుడు గోడ వైపు నుంచి ఆ దెబ్బ కొద్దిగా తెలిసింది. గూళ్ళూ స్తంభాలూ ఉంటే శబ్దం ముక్కలై నలుమూలలా మెత్తగా పడుతుంది. కొత్త కల్యాణమండపాలు కట్టేవాళ్ళు నాలుగు వైపులా నున్నటి టైల్స్ వేసి, తర్వాత "పంతులుగారి మంత్రం అర్థం కావట్లేదు, సౌండ్ బాగాలేదు" అని మైక్‌సెట్ వాణ్ణి తిడతారు. వాళ్ళని ఒకసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది. మన పాత టాకీసుల్లో గోడలకు గోనెపట్టాలు కొట్టేవాళ్ళు, వాళ్ళకు ఈ సంగతి తెలుసు.

వేదిక మీద ఏటవాలుగా చెక్క కప్పు కూడా ఉండేది. అది కూడా గొంతును జనం వైపు వంచేది. ఇప్పుడు దాని స్థానంలో 2006లో ఉక్కు, గాజుతో ఒక కప్పు వేశారు, గోడ వానకు పాడవకుండా. కొందరికి అది నచ్చలేదట. నాకైతే ఇబ్బంది అనిపించలేదు. రాయి మిగలాలంటే కప్పు ఉండాలి.

విట్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు ఆ రోజుల్లోనే రాసిపెట్టిన విషయాలు కొన్ని మా అమ్మాయి చదివి వినిపించింది. థియేటర్ దక్షిణం వైపు చూడకూడదన్నాడు, ఎండకు గుండ్రంలో గాలి ఉడికిపోతుందని. ఒరాంజ్‌లో జనం ఉత్తరం వైపు చూస్తూ కూర్చుంటారు. గాయకులు గొంతు పెంచాలనుకుంటే వెనకనున్న చెక్క తలుపుల వైపు తిరుగుతారని కూడా రాశాడు. ఇది విని నేను లేచి నిలబడ్డాను. మా నటుల్లో పాతవాళ్ళు కొందరు రాగం అందుకునే ముందు రంగుల చెక్క సెట్టింగు దగ్గరికి జరిగేవాళ్ళు. ఎందుకని అడిగితే "అక్కడ గొంతు నిండుగా ఉంటుంది బాబూ" అనేవాళ్ళు.

గోడ మధ్యలో రాజద్వారం, దానికి అటూ ఇటూ చిన్న ద్వారాలు. రాజద్వారం పైన గూట్లో 3.55 మీటర్ల చక్రవర్తి విగ్రహం. ముక్కలుగా దొరికితే అతికించి 1950 ప్రాంతంలో నిలబెట్టారు. అగస్టస్ అని చెబుతారు. తెర గురించి తెలిసింది ఇంకా నచ్చింది. మన తెర పైకి లేస్తుంది లేదా పక్కలకు పోతుంది. వాళ్ళ తెర నాటకం మొదలవగానే కిందికి దిగి, వేదిక ముందున్న సన్నటి కాలవలోకి వెళ్ళిపోయేది. అయిపోయాక మళ్ళీ పైకి లేచేది.

కింది మెట్ల మీద చెక్కిన అక్షరాలు తప్పకుండా వెతికి చూడండి. ఈక్యూ, జీ, ఆ తర్వాత మూడు గీతలు. మొదటి మూడు వరసలు అశ్వికవర్గం వాళ్ళవి అని అర్థం. రోమన్ సమాజంలో సెనేటర్ల తర్వాత వాళ్ళే. ఇంకా పెద్దవాళ్ళు ఆర్కెస్ట్రా నేల మీదే ఆసనాలు వేసుకునేవాళ్ళు. హోదా తగ్గేకొద్దీ పైకి. మన సినిమా హాల్లో ముందుది నేల, వెనక బెంచి, ఆ వెనక కుర్చీ. ఇక్కడ సరిగ్గా తిరగేసి. పెద్దవాళ్ళకు ముందు కుర్చీలు వేసే మన ఊరి నాటకాల పద్ధతే వాళ్ళదీ. కానీ వినికిడి విషయంలో పై వరసల పేదవాడికి అన్యాయం జరగలేదు. నేను రెండుచోట్లా కూర్చుని విన్నాను, మధ్య భాగంలో పై వరసలే బాగున్నాయి. అటు చివరా ఇటు చివరా వరసల్లో మాత్రం మాట కొంచెం పలచబడుతుంది.

అక్కడ కూర్చుని ఉంటే నాగార్జునకొండ గుర్తొచ్చింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో తవ్వితే బయటపడి, సాగర్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోకుండా అనుపుకు తరలించి మళ్ళీ కట్టిన రంగస్థలి. దాదాపు పదిహేడు వందల ఏళ్ళ నాటిది. నేను అక్కడా చప్పట్లు కొట్టి చూశాను. అది నలుచదరం, నాలుగు వైపులా మెట్లు, వెనక గోడ లేదు. రూపం వేరు, బహుశా ఉపయోగం కూడా వేరు. కానీ నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒరాంజ్‌లో నాటకాలు ఆడుతున్న రోజుల్లోనే రోమన్ల ఓడలు మన తీరానికి వచ్చి వెళుతున్నాయి. ఆ ఓడల్లో వచ్చిన ఎవరో ఒకరు ఇలాంటి మెట్ల మీద కూర్చుని నాటకం చూసి ఉంటారు కదా అనిపించింది.

క్రీస్తు శకం 391లో థియేటర్ మూతపడింది. క్రైస్తవం రాజమతం అయ్యాక ఈ ఆటలు పనికిరావన్నారు. 412లో విసిగోతులు అనే తెగవాళ్ళు ఊరిని దోచుకున్నారు. ఆ తర్వాత కాపలా స్థావరమైంది, మతయుద్ధాల రోజుల్లో జనం తలదాచుకునే చోటైంది, కొంతకాలం జైలైంది. మెల్లగా లోపలంతా ఇళ్ళు లేచాయి. గోడ మీద దూలాలు దూర్చిన రంధ్రాలు ఇప్పటికీ కనపడతాయి. 1825 నుంచి ఆ ఇళ్ళు తీయించడం మొదలైంది. పాత కట్టడాల అధికారి ప్రాస్పర్ మెరిమే, ఆర్కిటెక్టు ఆగస్ట్ కారిస్టీ అనేవాళ్ళు దీన్ని బాగుచేయడానికి పాటుపడ్డారు. ఆ ఇళ్ళే ఈ గోడను కాపాడాయేమో అని నాకు అనిపిస్తుంది. ఎవరి ఇంటికైనా వెనక గోడగా ఉన్నదాన్ని ఎవరూ పడగొట్టరు. వేదిక గోడ ఇంత ఎత్తున మిగిలిన రోమన్ థియేటర్లు ప్రపంచంలో చాలా తక్కువ, టర్కీలో అస్పెండోస్, సిరియాలో బోస్రా లాంటివి. 1869లో ఇక్కడ మళ్ళీ ప్రదర్శనలు మొదలయ్యాయి. 1902 నుంచి కొరెజీ అనే పేరుతో ఉత్సవం జరుగుతోంది, 1971 నుంచి ఒపేరాలకు ప్రసిద్ధి. యునెస్కో 1981లో గుర్తించింది.

వెళ్ళేవాళ్ళకు ఉపయోగపడేవి కొన్ని. మెట్లు ఎత్తెక్కువ, మోకాళ్ళ నొప్పులుంటే పైదాకా వద్దు. మా ఆవిడ మూడోవంతు ఎక్కి కూర్చుంది, అక్కడినుంచీ అంతా కనపడుతుంది. మెట్ల మీద నీడ లేదు, టోపీ తప్పనిసరి. రాయి చల్లగా ఉన్నప్పుడు జిల్లుమంటుంది, వేడెక్కితే కాలుతుంది, ఒక దుప్పటి మడత పెట్టుకెళ్ళండి. రోన్ నది లోయలో మిస్ట్రాల్ అని ఉత్తరపు గాలి వీస్తుంది. గోడ దానికి అడ్డుగా నిలబడింది, బయట ఈదరగాలి కొడుతున్నా లోపల చాలావరకు నెమ్మదే. గట్టిగా వీచిన రోజు మాత్రం గోడ పైనుంచి దూకి లోపల సుడి తిరుగుతుంది. ఆ వీడియోలో కబాయే గారి బట్టలు ఎగిరింది అందుకే. ఆడియో గైడ్‌లో ఇంగ్లీషు ఉంది, తీసుకోండి. ఉదయాన్నే వెళితే జనం పలచగా ఉంటారు, ఆ కాసేపే గొంతు పరీక్షించుకోవడానికి వీలు. గుంపులు వచ్చాక అందరూ చప్పట్లు కొడతారు.

భోజనం విషయంలో మేము దెబ్బతిన్నాం. పులిహోర సాయంత్రానికి దాచుకుని, మధ్యాహ్నం ఒక హోటల్లో మాంసం, చేపలు వద్దని రెండుసార్లు చెప్పి సలాడ్ అడిగాం. ఆకుల కింద ఉప్పుచేపల ముక్కలు వచ్చాయి. మా ఆవిడ ఆ పూట ఏమీ తినలేదు. శాకాహారులు సొంత డబ్బా తెచ్చుకోవడం మంచిది.

ఎదురుగా ఉన్న మ్యూజియం వదలొద్దు. థియేటర్ గోడ మీద నుంచి రాలిన చలువరాతి శిల్పాలు, సగం మనిషి సగం గుర్రం ఉన్న వీరుల వరస అక్కడే ఉన్నాయి. క్రీస్తు శకం 77లో చలువరాతి మీద చెక్కిన పొలాల సర్వే పటం కూడా ఉంది. ఎవరి గడి ఎంత, శిస్తు ఎంత అని రాతి మీద గీసిన మన రెవిన్యూ పటం లాంటిది. ఊరికి ఇంకో చివర ఉన్న కమాను ద్వారం అందంగా ఉంది, కానీ మాకు తీరిక లేక రోడ్డు మీద నుంచే చూశాం.

సాయంత్రం కొండ మీదికి వెళ్ళాం, అక్కడినుంచి థియేటర్ మొత్తం గిన్నెలా కనపడుతుంది. కింద ఎవరో పిల్లవాడు వేదిక ముందు నిలబడి వాళ్ళమ్మను పిలుస్తున్నాడు. ఫ్రెంచ్ నాకు రాదు. "మమ్మా" అన్న మాట మాత్రం కొండ మీద నిలబడ్డ మాకు కూడా చక్కగా వినపడింది.

వచ్చే జులైలో ఒపేరాకు టికెట్లు చూడమని అమ్మాయికి చెప్పాను. మధ్య భాగంలో, పై వరసల్లో.